మహారాజశ్రీ థియరీ గారికి, చెరువు గట్టు నుంచి

మహారాజశ్రీ థియరీ గారి సముఖమునకు,

పాలకొల్లు అవతల ఓ రొయ్యల చెరువు గట్టు మీద కూర్చుని నమస్కారములతో రాయునది. ఇక్కడ మేమంతా క్షేమమండి. ధవళేశ్వరంలో గేట్లెత్తారు, కాలవలు నిండుగా పారుతున్నాయి, పులస పేరు చెప్పి రేవులో ఎప్పటిలాగే జేబులు ఖాళీ అవుతున్నాయి. తమరి క్షేమం వేరే అడగక్కర్లేదు. మా మేనల్లుడి ఫోన్లో రాత్రీ పగలూ, సినిమాల్లో ముందేం జరగబోతుందో ఊహించి చెప్పే తమరి గొంతే కదండీ.

పనిగట్టుకుని ఉత్తరమెందుకంటే, తమరి మీద నాకో కోపం ఉంది. పదేళ్ళ పైబడినది. కడుపులో పెట్టుకోడం మంచిది కాదు, కాయితం మీద కక్కెయ్యమని మా ఆవిడ సలహా. ఆవిడకి టీవీ సీరియళ్ళున్నాయి, వాటి జోలికి తమరు రారు. అత్త చెడ్డదని మొదటి వారమే తెలిసిపోద్ది, ఇక తమరికి అక్కడేం పని?

తమరితో తొలి పరిచయం 2015లో. జులై 10న ‘బాహుబలి’ మొదటి భాగం వచ్చింది. కట్టప్ప వెనకనించి కత్తి దింపాడు, హాల్లో లైట్లు వేసేశారు. మర్నాడు పొద్దున్న మా ఊరి టీ బడ్డీకి తమరు దయచేసి బెంచీ మీద కూర్చున్నారు, ఇప్పటిదాకా లేవలేదు. అంతకుముందు ఆ బెంచీ మీద ఏ కబుర్లుండేవండీ? రెండో పంట దాళ్వాకి నీళ్ళిస్తారా ఇవ్వరా, రొయ్య ఎంత కౌంటులో పట్టారు, ఎవరి దొడ్లో కొబ్బరి ఎవడు దింపుకుపోయాడు. అవన్నీ ఒక్క పూటలో పోయి, కట్టప్ప ఎందుకు చంపాడన్నది ఒక్కటే మిగిలింది. హీరో ప్రభాస్ గారి వాళ్ళది మా పక్క మొగల్తూరే కావడంతో మాకది ఇంటి తగువైపోయింది. పొడిచినట్టు నటించాడని క్షౌరం చేసే ఆయన. తనని చంపమని బాహుబలే బతిమాలుకున్నాడని ఆర్ఎంపీ డాక్టరు గారు. చచ్చింది బాహుబలి కాదు, అచ్చం అలాగే ఉండే ఇంకొకడని తొమ్మిదో తరగతి చదివే మా మేనల్లుడు. వాడైతే లెక్కల నోటు పుస్తకంలో బొమ్మ గీసి, బాణాలు పెట్టి మరీ నిరూపించాడు.

బెంచీ ఖాళీగా ఉన్నా దాని మీద కూర్చోకుండా పక్కన నేల మీద గొంతుక్కూర్చుని టీ తాగే తాత ఒకడుండేవాడు. నలభై ఏళ్ళు ఎవరెవరి కమతాల్లోనో పాలేరుగా చేసినవాడు. నువ్వేమంటావు తాతా అని ఎవరో వేళాకోళానికి అడిగారు. గ్లాసు కింద పెట్టి, ‘సంపమని అయ్యగారోళ్ళు సెప్పుంటారండి. సెప్తే సెయ్యకేం సేత్తాడు’ అన్నాడు. బడ్డీ అంతా పగలబడి నవ్వింది. ఆర్ఎంపీ గారికి పొలమారింది కూడా.

ఆ తర్వాత 658 రోజులు వాదించుకున్నాం. క్యాలెండరు ముందేసుకుని వేసిన లెక్కండి, అనుమానం అక్కర్లేదు. 2017 ఏప్రిల్ 28న రెండో భాగం వచ్చింది. రాజమాత ఆజ్ఞ వేసింది, సింహాసనానికి తరతరాలుగా కట్టుబడ్డ బానిస చంపాడు. అంతే. తాత ఒక గ్లాసు టీలో తేల్చేసిన సంగతి. ఆ సాయంత్రం వెళ్ళి, నువ్వన్నదే నిజమైంది తాతా అంటే ‘ఏదండీ?’ అన్నాడు. గుర్తే లేదు ఆయనకి. మా మేనల్లుడు మాత్రం హాల్లోంచి ముఖం మాడ్చుకుని వచ్చాడు. బాలేదంట్రా అంటే, ‘సినిమా బానే ఉంది మావయ్యా, నా థియరీయే పోయింది’ అన్నాడు. పరీక్ష పోయిన పిల్లాడి ముఖమండీ అది. తమరు చేస్తున్న పని నాకప్పుడు అర్థమైంది. వాడు డబ్బులెట్టి హాల్లోకెళ్ళింది తన పేపరు దిద్దించుకోడానికి. తెర మీద ఏనుగులు పరిగెడుతున్నా, కోటలు కూలుతున్నా, వాడు లోపల టిక్కులూ ఇంటూలూ పెట్టుకుంటూ కూర్చున్నాడన్నమాట.

మధ్యలో వాణ్ణి విదేశీ రాజ్యాలకీ తీసుకెళ్ళారు తమరు. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ అని డ్రాగన్ల కథ. ఆఖరి సీజను ఆరు ఎపిసోడ్లూ 2019లో సోమవారం సోమవారం పొద్దున్నే వచ్చేవి, మా ఇంట్లో ఇడ్లీ దింపే వేళకి. నాలుగో ఎపిసోడ్లో విందు జరుగుతుంటే రాణిగారి ముందు బల్ల మీద ఈ కాలపు కాఫీ కప్పొకటి కనబడింది. షూటింగులో ఎవరో మర్చిపోయారు. పొరపాటని తీసినవాళ్ళే ఒప్పుకుని, కంప్యూటర్లో చెరిపేశారు కూడా. మా వాడు ఒప్పుకోలేదు. ఆ కప్పు వెనక కాలయానం ఉందన్నాడు. ఇడ్లీ చల్లారిపోయింది.

సరే, ఇప్పటి సంగతికొస్తాను. ‘కల్కి 2898 ఏడీ’ 2024 జూన్ 27న వచ్చింది. మా వాడు అప్పటికి ఇంజనీరింగు పూర్తిచేసి, ఉద్యోగం వచ్చేదాకా అని నా చెరువుకి రాత్రి కాపలా వస్తున్నాడు. సినిమా చూసొచ్చి నేరుగా గుళ్ళో పూజారి గారి దగ్గర తేలాడు. కలియుగం 4,32,000 ఏళ్ళు కదా నాయనా, ఇంకా మొదటి పాదంలోనే ఉన్నాం, అప్పుడే కల్కి ఏవిటని ఆయన సందేహం. మా వాడు మండపం స్తంభానికి ఆనుకుని లెక్క చెప్పాడు: కలి మొదలైంది క్రీస్తుపూర్వం 3102లో, దానికి 2898 కలిపితే సరిగ్గా ఆరు వేలు, అందుకే ఆ పేరు. పూజారి గారు వేళ్ళు మడిచి చూసుకుని, ‘కూడిక బానే కుదిరింది. మిగతా 4,26,000 ఏళ్ళూ ఎవరికిచ్చావురా?’ అన్నారు. రెండో భాగంలో చెప్తారన్నాడు. ఏ చిక్కొచ్చినా తమరు నేర్పిన జవాబదే కదండీ.

ఇక ఆ రాత్రి. తెల్లారగట్ల మూడు దాటింది. రొయ్య పెంచేవాడికి అది యముడి వేళ. నీళ్ళలో డీవో, అంటే కరిగి ఉండే ఆక్సిజను, పడిపోయేది అప్పుడే. ఏరియేటర్లు గిరగిరా తిరుగుతూ నీటిని కొట్టాలి, ఆ నురగే రొయ్యకి ఊపిరి. నేను షెడ్డులో కాస్త నడుం వాల్చాను. మా వాడు గట్టు మీద కుర్చీలో కూర్చుని ఫోను ముఖానికి ఆనించుకుని ఉన్నాడు. ఆ సినిమాలో కృష్ణుడి ముఖం చూపించరు, చీకట్లోనే ఉంచేస్తారు. వీడు ఆ చోట బొమ్మ ఆపి, వెలుతురు పెంచి, పెద్దది చేసి, చెంప ఎముక ఎవరిదో కనిపెడుతున్నాడు. ముక్కు కొస దొరికిందట. ‘మావయ్యా, దొరికేశాడు’ అని కేకేశాడు. దొంగ దొరికాడనుకుని నేను కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాను. వచ్చి చూస్తే చెరువు అద్దంలా ఉంది. చప్పుడు లేదు. రెండో చెరువులో నాలుగు ఏరియేటర్లూ ఆగిపోయి ఎంతసేపైందో ఆ కృష్ణుడికే తెలియాలి. టార్చి వేస్తే గట్టు వార రొయ్యలు బారులు తీరి మీసాలు పైకి పెట్టి ఉన్నాయి. కరెంటు పోయి స్టార్టరు ట్రిప్పయింది. జనరేటరు తాడు లాగి లాగి నా భుజం పట్టేసింది. మొత్తానికి బతికాయి, తమరి దయ కాదు. చీకట్లో ఉన్న ముఖంలో ముక్కు కొస పట్టుకున్నవాడికి పది గజాల్లో ఆగిపోయిన రెక్కలు కనబడలేదండీ. తిడదామని నోరు తెరిస్తే, ‘కరెంటు సరిగ్గా ఆ సీన్లోనే పోయిందంటే...’ అని ఆలోచనలో పడ్డాడు. తిట్టడం మానేశాను.

తమరు మాకు కొత్త కాదని నాకు తెలుసు. తమరి పెదనాన్నగారు, కోడిపందేల జోస్యం చెప్పే కుక్కుట శాస్త్రం, మా భీమవరం వైపే ఉంటారు. సంక్రాంతికి ఆయన పుస్తకం బయటికొస్తుంది. ఏ నక్షత్రం నాడు, ఏ ఘడియలో, ఏ దిక్కు నుంచి దింపితే కాకి కోడి గెలుస్తుంది, డేగ కోడి గెలుస్తుంది, నెమలి కోడి గెలుస్తుంది, అంతా అందులో ఉంటుంది. పుస్తకం నమ్మి చేలు పోగొట్టుకున్న వాళ్ళని నేనెరుగుదును. కానీ ఆయనలో ఓ పెద్దమనిషి తరహా ఉంది. బరిలో దింపాక నాలుగు నిమిషాల్లో తేలిపోద్ది. కోడి పడిపోయాక ‘ఇది అసలు కోడి కాదు’ అని వాదించడానికి ఉండదు, రాత్రికి కూరైపోద్ది. తమరిని పట్టుకుని కూర వండేదెలాగండీ? ఒక థియరీ పడిపోతే ఆ దర్శకుడు మమ్మల్ని తప్పుదోవ పట్టించాడని రెండోది పుడుతుంది.

ఆగిపోయిన కథ కోసం కాచుక్కూర్చోవడం కూడా తమరొచ్చి మాకు నేర్పక్కర్లేదు. ఆ డ్రాగన్ల కథ పుస్తకాల్లో అయిదోది 2011 జులైలో వచ్చిందట, ఆరోది ఇంకా రాలేదని మా వాడు ఆ రచయిత మీద రుసరుసలాడతాడు. ఒరే నాయనా, ఇదిగో ఈ ఎగువన రాజమహేంద్రవరంలో, పదకొండో శతాబ్దంలో, రాజరాజనరేంద్రుడు అడిగితే నన్నయ గారు భారతం ఎత్తుకున్నారు. ఆది, సభా పర్వాలు అయ్యాయి. అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో శరత్కాలపు రాత్రుల్ని వర్ణిస్తూ ఉండగా గంటం ఆగిపోయింది. పదమూడో శతాబ్దంలో తిక్కన గారు వచ్చి, ఆ సగం పర్వాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకుని పదిహేను పర్వాలు ముగించేశారు. అంటే ముగింపు ముందొచ్చింది, మధ్య ముక్క రాలేదు. దానికి పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన గారు రావలసి వచ్చింది. వచ్చి కూడా ఆ ముక్క తన ఘనతగా చెప్పుకోకుండా, రాజరాజుకే అంకితంగా, నన్నయ రాసినట్టే పూడ్చారు. ఇంచుమించు మూడు వందల ఏళ్ళురా మా వెయిటింగు!

అందులో ఇంకో తమాషా ఉందండి. హీరోయే పూర్వజన్మలో కర్ణుడని కల్కిలో చూపించాక మా బడ్డీలో కర్ణుడు గొప్పా అర్జునుడు గొప్పా అని రోజూ పంచాయితీ. 1977 సంక్రాంతికి రామారావు గారి ‘దాన వీర శూర కర్ణ’ వచ్చిన దగ్గర్నించీ మా వైపు కర్ణుడంటే వల్లమాలిన అభిమానం. ఆ అభిమానులకి చెప్పేదేవిటంటే, ఘోషయాత్రలో గంధర్వుల దెబ్బకి కర్ణుడు పలాయనం చిత్తగించిన ఘట్టమూ, కవచకుండలాలు కోసి ఇంద్రుడికి దానం చేసిన ఘట్టమూ రెండూ ఎర్రన గారి ముక్కలోనే ఉన్నాయి. కర్ణుడి పరువు తీసిన సీనూ, పరువు నిలిపిన సీనూ మూడు శతాబ్దాలు పెండింగులో ఉన్నాయన్నమాట. ఇంత పెద్ద సందు దొరికితే తమరు ఊరుకుంటారా? అరణ్యపర్వం ముట్టుకుంటే కీడని తిక్కన భయపడ్డాడని అప్పుడే ఎవరి చెవిలోనో ఊదేసి ఉంటారు. ఆ ముక్క ఇప్పటికీ చెప్పుకుంటారు.

మా నాయనమ్మ సంగతి చెప్పి ఆపేస్తాను. శ్రీరామనవమి పందిట్లో హరికథ అంటే ఆవిడ పీట పట్టుకుని అందరికన్నా ముందెళ్ళేది. ఏ కథైనా ఆవిడకి కంఠతా వచ్చు. ఓ ఏడు అభిమన్యుడి కథ పెట్టారు. దాసుగారు ఇంకా సుభద్ర కడుపుతో ఉన్న చోటే ఉన్నారు, చిడతలు హుషారుగా మోగుతున్నాయి, జనం నవ్వుతున్నారు. ఆవిడ మాత్రం నడుంలో దోపుకున్న కొంగు లాగి, మడత విప్పి, ఒళ్ళో సర్దుకుంది. ఎందుకే అన్నాను. ‘ఇంకో గంటలో పోతాడురా పిల్లాడు’ అంది. సరిగ్గా గంటకి, అంత సిద్ధంగా ఉండి కూడా, ఆ కొంగు సరిపోక నా తువ్వాలు లాక్కుంది. ఈ మాట మా మేనల్లుడికి చెప్తే, ‘అయితే ఆవిడకి స్పాయిలర్ల బాధ లేదన్నమాట’ అని జాలిపడ్డాడు. ఎవరి మీద జాలో నాకు తెలియలేదు.

తమరిని ఊరొదిలి పొమ్మనట్లేదండి. పొమ్మంటే పోయే ఘటం కాదని తెలుసు, పైగా సాయంత్రాలు మాకూ తోచాలి. రాత్రి పన్నెండు దాటాక మాత్రం నా చెరువు గట్టెక్కకండి.

అన్నట్టు, చిన్న మనవి. కృష్ణుడి ముఖం ఎందుకు దాచారో నాకూ ఒకటి తట్టింది, ఎవరికీ చెప్పకండి. ఎవరి ముఖం పెట్టినా మా ఇళ్ళలో గోడ మీద క్యాలెండర్లో రామారావు గారున్నారు. పక్కన పెట్టి చూస్తాం. ఆ భయంతోనే దాచేశారని నా నమ్మకం. రెండో భాగంలో కూడా చూపించరు, రాసిపెట్టుకోండి. మా వాడికి చెప్తే, ‘మావయ్యా, ఇది థియరీ కాదు, నీ వయసు’ అన్నాడు. తమరేమంటారు? రిలీజు రోజు మొదటాటకి టిక్కెట్టు చెప్పి ఉంచాను. నాది తప్పో ఒప్పో చూసుకోవాలి కదా మరి.

ఇంకా రాద్దును గానీ, రెండో చెరువు వైపు చప్పుడు తగ్గినట్టుందండి. వాడెక్కడ చచ్చాడో. ఉంటాను.

ఇట్లు,
తమరి విధేయుడు కాని
ఓ రొయ్యల రైతు