మహారాజశ్రీ ఎవాల్యుయేషన్ బార్ గారికి

నెల్లూరు నుంచి ఒక చెస్ కోచ్ నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేము క్షేమం. మా పిల్లలు ఇంకా క్షేమం. ఫోన్‌లో చెస్ గేమ్ చూసేటప్పుడు ఎవరు ఎంత ముందున్నారో కంప్యూటర్ లెక్కగట్టి చూపించే పట్టీగా, తమరు బోర్డు పక్కన తెలుపూ నలుపూ వేసుకుని నిలబడ్డప్పటి నుంచి వాళ్లకి ఆలోచించే టెన్షన్ పోయింది.

పెద్ద ఆటగాళ్ల గేమ్ తీసి నేర్చుకోవడమంటే ఒకప్పుడు తంటా. పుస్తకంలో తర్వాతి ఎత్తుని అట్టముక్కతో మూసి, నేనైతే ఏం ఆడతానో కాగితం మీద రాసి, ఆ తర్వాతే అట్ట జరపాలి. ఒక్క గేమ్‌కే సాయంత్రం అయిపోయేది. ఇప్పుడు మా బుడ్డోడు ఒంగోలులో పినాకిని ఎక్కి నెల్లూరులో దిగేలోపు ఓ పాతిక గేములు లాగించేస్తాడు. ఏం నేర్చుకున్నావురా అంటే, "టోపలోవ్ తప్పు ఆడాడు సార్" అంటాడు.

1999లో నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీ టోర్నమెంట్‌లో ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్ 24వ ఎత్తుకి రూక్‌ని, అంటే ఏనుగుని, బలిచ్చాడు. ఎదుట కూర్చున్న బల్గేరియా గ్రాండ్‌మాస్టర్ టోపలోవ్ తీసుకున్నాడు. ఆ పాపానికి అతని రాజు బోర్డంతా దాటుకుంటూ వైట్ మొదటి వరుస దాకా రావాల్సి వచ్చింది. రూక్ జోలికి పోకుండా రాజుని బి6 గడికి జరిపి ఉంటే నిలబడేవాడని తమరి తీర్పు. కాదనను. కానీ ఆ రూక్‌ని తీసుకోవాలని అంతటివాడికి ఎందుకనిపించింది? అది తెలిస్తే కదా మావాడు రేపు ఎవరికైనా అలాంటి ఎర వేయగలిగేది! అడిగితే తమరు ఒక దశాంశం చూపిస్తారు. ఐదు సెకన్లు ఆగితే అదీ మార్చేస్తారు.

తమరి అసలు మేలు ఇంకోటుంది. 2014లో సోచీలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ మ్యాచ్ ఆరో గేమ్‌లో కార్ల్‌సన్ 26వ ఎత్తుకి రాజుని తప్పు గడిలో పెట్టాడు. ఆనంద్ నైట్‌తో, అంటే గుర్రంతో, ఇ5 గడిలోని పాన్‌ని (బంటుని) కొట్టాల్సింది. కొట్టకుండా వేరే పాన్ తోశాడు, ఓడాడు. ట్రంకు రోడ్డు టీ కొట్టు దగ్గర దీని మీద ఎంత నవ్వో! "ఏందబ్బా, ఇంత ఈజీది చూళ్లేదా?" తమరు అంత ఎత్తున ఎగిరి "ఇక్కడేదో ఉంది" అని చూపించాక గుర్రం ఎటు దూకుతుందో తెలియనివాడికి కూడా ఈజీనే. సోచీలో ఆ ఇద్దరికీ అలా చెప్పేవాడు లేడు. ఆదివారం కావలి టోర్నమెంట్‌లో మావాడికీ ఉండడు. ఏదో ఉందని పసిగట్టడమే ఆటలో సగం కష్టం. ఆ సగం తమరే మోస్తుంటే మావాడికి మెడ ఎలా గట్టిపడుతుంది?

హాలు బయట ఇంకో ముచ్చట. గేమ్ అయ్యాక ఓడినవాడూ గెలిచినవాడూ కలిసి బోర్డు వేసుకుని, "నువ్వు ఇది ఆడతావని భయపడ్డా" అని చెప్పుకునేవాళ్లు. ఇప్పుడు స్కోర్‌షీట్ నాన్న చేతికి పోతుంది, అక్కడి నుంచి ఫోన్‌లోకి. "19వ ఎత్తు బ్లండర్ అంట, ఎందుకు ఆడినావురా?" అంటాడాయన. ఆయనకి కాస్లింగ్ అంటే ఏందో తెలియదు. ఫోన్ ఎర్రగా అరిచిందని మాత్రం తెలుసు.

ఒక్కటే విన్నపం. ఓడిన గేమ్‌లో తనకి ఎక్కడ ఊపిరాడలేదో వాడు సొంత చేత్తో రాసుకునేదాకా ముసుగు తీయకండి. డేటా ప్యాక్ అయిపోతే తమరి పీడ పోతుందని ఆశపడ్డాను గానీ, నెట్ లేకపోయినా ఫోన్‌లోనే లెక్కలు కడతారట.

ఇట్లు,
తమరి లెక్క ప్రకారం మైనస్ మూడులో, అంటే ఓటమి అంచున, ఉన్న ఒక కోచ్