వయసు అమ్మే రంగు డబ్బాకు ఒక వడ్రంగి విన్నపం

మహారాజశ్రీ పాతరంగు డబ్బా గారి సముఖమునకు, ఒడిశా కొండల మీది కోరాపుట్ నుండి ఒక వడ్రంగి నమస్కరించి వ్రాయు విన్నపము. ఉభయకుశలోపరి.

కొత్త కర్రకు గంటలో శతాబ్దపు సొగసు తెప్పిస్తామని తమరి మూత మీద అచ్చువేసి ఉండగా చూసి ధన్యుణ్ణయ్యాను. ఈ ఇంటివారు హాలులో ఫైర్‌ప్లేస్ కట్టించుకున్నారు. కోరాపుట్ చలికి అది దండగ ఖర్చేమీ కాదు (ఇదే ముచ్చట కింద రాయగడలో ఎవరైనా పడితే ముందు ఫ్యాను సంగతి చూసుకోమనేవాణ్ణి). పైన అడ్డంగా పెట్టిన టేకు దూలం జయపురంలో పడగొట్టిన పాత ఇంటిది. 1936 ఏప్రిల్‌లో ఒడిశా ఏర్పడక మునుపు, ఈ ప్రాంతమంతా విశాఖపట్నం జిల్లాలో ఉన్న రోజుల్లోనే గోడ ఎక్కిన కర్ర. దాని కింద ఇరుపక్కలా నిలపవలసిన కంబాలు మాత్రం కొత్త టేకువి. వాటికి తొంభై ఏళ్ల వయసు పోసే భారం తమరి మీద పడింది.

తమరు ఒక్కసారి ఆ దూలాన్ని దగ్గరగా చూడవలసింది. పొగ సోకిన వైపు నలుపు, వెలుతురు తగిలిన వైపు తేనె రంగు, చీల దిగిన రంధ్రం చుట్టూ ఇనుము కర్రలోని వగరుతో కలిసి పాకిన నీలినలుపు మచ్చ, బాడిస గాట్ల అంచులలో చేతులు తగిలి తగిలి వచ్చిన నునుపు. తమరు ప్రసాదించినది ఒకే రంగు. అది కూడా పంచాయతీ ఆఫీసు తలుపుకు వేసినంత సమానంగా.

కొత్తది పాతదానితో కలవకపోయేసరికి, రెండింటినీ యంత్రంతో గీకి తమరినే మళ్లీ పూయమని తమరి భక్తులు సెలవిచ్చారు. గాలీ వెలుతురూ ఇన్నేళ్లు పనిచేసింది పైపొర మీదనే కనుక, చిత్రిక నాలుగుసార్లు నడిచిందంటే కింద నిన్న కోసినట్టున్న టేకు బయటపడుతుంది. లోపల విరిగి ఉండిపోయిన చీల చిత్రిక పదునును కూడా తినేస్తుంది. వయసున్న కర్రను కుర్రదాన్ని చేసి, ఆపైన దానికి ముసలి వేషం వేయడం తమరి వ్యాపారానికి లాభమే కావచ్చు.

నేను చేసినది చెబుతాను, కోపగించుకోకండి. పాత దూలాన్ని బ్రష్షుతో దులిపి ఊరుకున్నాను. కొత్త కంబాలను బాడిసతో పైపైన చెక్కి, పచ్చిచాయ పోయేదాకా ఎండకు పెట్టి, కరక్కాయ కషాయం పట్టించి, ఆరాక ఇనుప ముక్కలు బెల్లం నీటిలో పులిసిన ద్రావణాన్ని చీల రంధ్రాల దగ్గర, అంచుల దగ్గర మాత్రమే తాకించాను. కలంకారీ పనివారి నలుపు పుట్టేది ఈ జోడీతోనే. ఇదంతా ముందు అదే కర్ర తుంట మీద, అదే గరుకు కాగితం పట్టి, నూనె కూడా రాసి, రాత్రి ఆ గదిలోని దీపం కిందనే చూసుకున్నాను. పగలు వాకిట్లో కలిసిన రంగు రాత్రి హాలులో విడిపోవడం కద్దు.

తమరి వెనుక చిన్న అక్షరాలలో నిప్పుకు దూరంగా ఉంచమని వ్రాసి ఉంది. తమరిని పూసిన కర్రను మాత్రం నిప్పు నెత్తినే పెట్టమంటారు. అమెరికా ఇళ్ల నిర్మాణ నియమావళి ప్రకారం ఫైర్‌ప్లేస్ నోటికి 6 అంగుళాల లోపు కర్రే ఉండరాదు; 12 అంగుళాల లోపు ఉన్నది ప్రతి అంగుళం దూరానికి అంగుళంలో ఎనిమిదో వంతుకు మించి ముందుకు రాకూడదు. అందుకే దూలాన్ని పైకి జరిపి, కంబాలను పక్కలకు తోసి, నడుమ రాయి కట్టించాను. వేడికి మెత్తబడే లక్క పాలిష్ వద్దని, అవిసె నూనెతో ముగించాను. ఆ నూనె గుడ్డలు ఉండచుట్టి పడేస్తే తమంతట తామే వేడెక్కి అంటుకుంటాయి కనుక విడివిడిగా తీగ మీద ఆరవేయించాను.

తమరిలో ముప్పాతిక వంతు ఇంకా మిగిలి ఉంది. పెరట్లో కోళ్లగూటి తలుపు కొత్తది. కోళ్లకు అభ్యంతరం లేకపోతే అక్కడ తమరి శతాబ్దాన్ని చూపించవచ్చునని ఇంటివారితో మనవి చేశాను.

ఇట్లు, తమ విధేయుడు,
బాడిస పట్టిన ఒకడు