కోటలో చెమ్మ ఉంటే కళ, మా ఇంట్లో ఉంటే పోపు

పొద్దున్నే మా మరిది కుటుంబ గ్రూపులో ఒక ప్రకటన పడేశాడు. మేముండే ఐర్లాండ్‌లో, పశ్చిమ తీరాన క్లేర్ కౌంటీలో, బాగు చేయించిన మధ్యయుగపు కోట ఒకటి అమ్మకానికి ఉందట. దాని కింద ఒక వ్యాఖ్య: "వదినా, నార్సింగిలో విల్లా ధరకు అక్కడ కోటే వస్తోంది. మీకు ఇంకా అద్దె ఇల్లేమిటి?" అంతే, గ్రూపంతా నిద్ర లేచింది. పెదనాన్నగారు చప్పట్లు కొట్టారు. అత్తయ్యగారు గృహప్రవేశానికి మాఘమాసం అయితే ఎలా ఉంటుందని అడిగారు. మా ఆయన ఒక నవ్వు బొమ్మ పెట్టి ఆఫీసుకు వెళ్లిపోయారు. సంజాయిషీ ఇచ్చుకోవలసింది ఎప్పుడూ నేనే కదా.

కోట అనగానే గోల్కొండను ఊహించుకోకండి. ఇది ఒంటి బురుజు. ఇక్కడ టవర్ హౌస్ అంటారు. నాలుగైదు అంతస్తులు, అంతస్తుకు ఒక పెద్ద గది, గోడల మందంలోనే తొలిచిన చిన్న చిన్న గదులు. సుమారుగా 1400 నుంచి 1650 దాకా ఈ దేశంలో కాస్త భూమీ నాలుగు పశువులూ ఉన్న దాదాపు ప్రతి దొరా, స్థానిక గేలిక్ వంశమైనా బయటినుంచి వచ్చిన నార్మన్ వంశమైనా, ఒకటి కట్టుకున్నాడు. 1429లో ఇంగ్లండ్ రాజు ఆరో హెన్రీ ప్రభుత్వం డబ్లిన్, మీత్, కిల్డేర్, లౌత్ ప్రాంతాల్లో 20 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు, 40 అడుగుల ఎత్తున బురుజు కట్టుకున్న వారికి 10 పౌండ్లు ఇస్తానంది. అంటే కోట కట్టుకోవడానికి కూడా సర్కారు సాయం చేసిన కాలం అది. ఇప్పుడు మాకు బ్యాంకు ఏడాది జీతానికి నాలుగు రెట్లు అప్పిస్తుంది, ఇంటి ధరలో పదోవంతు ముందే చేతిలో పెట్టుకుని రమ్మంటుంది. డబ్లిన్‌లో ఆ నాలుగు రెట్లకు ఏం వస్తుందో ఇక్కడున్న మనవాళ్లకు నేను చెప్పనక్కరలేదు.

ప్రకటన మొత్తం చదివాను. చదవకుండా తిట్టే అలవాటు నాకు లేదు. గుమ్మం దాటగానే నెత్తిన ఒక కన్నం ఉంటుంది. దాన్ని హత్యా రంధ్రం అనే అంటారు, లోపలికి చొరబడిన శత్రువుల మీద పైనుంచి రాళ్లు వేయడానికి. ప్రకటనలో అది "అతిథులను ఆకట్టుకునే విశేషం". పార్సిల్ తెచ్చే కుర్రాడు ఎంత ఆకర్షితుడవుతాడో. తరువాత మెట్లు. ఒకే రాతి స్తంభం చుట్టూ మెలితిరుగుతూ పోతాయి, ఒకరు ఎక్కుతుంటే దిగేవాళ్లు గోడకు అతుక్కుని నిలబడాలి. ముఖ్యమైన హాలు అన్నిటికంటే పైన. ఎందుకంటే కింది అంతస్తుల్లో కిటికీలంటే బాణం పట్టేంత చీలికలే, కాస్త వెడల్పు కిటికీ పెట్టుకునే ధైర్యం పైకి వెళ్లాకే వచ్చేది. ఫ్రిజ్ పైకి ఎలా చేర్చారో ప్రకటన చెప్పదు. మా అత్తయ్యగారి మోకాళ్లు చేరవని మాత్రం నేను చెప్పగలను.

ఇంతా తిట్టి ఒక్క మాట చెప్పకపోతే పాపం. ఆ బురుజుల్లో కమాను పైకప్పు కిందకు వెళ్లి తల ఎత్తి చూడండి. సున్నంలో తడిక అచ్చు కనిపిస్తుంది. చెక్క చట్రం మీద అల్లిన తడికలను వంచి, పైన సున్నమూ రాళ్లూ పరిచి, గట్టిపడ్డాక చట్రం తీసేసేవారు. అల్లికలో ఒక పుల్ల పైకి, ఒక పుల్ల కిందికి వెళ్లిన జాడ అయిదు వందల ఏళ్లుగా అలాగే ఉంది. కొన్నిచోట్ల పుల్ల ముక్కలు కూడా అంటుకుని ఉంటాయి. నేను నోరు తెరుచుకుని చూశాను. ఈ ప్రకటనలో ఆ పైకప్పుకు ఏం చేశారో తెలుసా? వరసగా దీపాలు బిగించారు.

గోడల సంగతి మరీ ఘోరం. ఈ బురుజుల్లో చాలావాటికి కట్టినప్పుడు లోపలా బయటా సున్నపు పూత ఉండేది. తెల్లగా మెరిసేవి. వాన రాళ్ల సందుల్లోకి దిగకుండా ఆ పూతే కాపాడేది, దిగిన కాస్త తడినీ అదే బయటికి వదిలేది. ఇప్పుడు కొనేవాళ్లకు రాయి కనిపించాలి. కాబట్టి పూత గీకేసి, సందుల్లో సిమెంటు కూరి, దాన్ని పునరుద్ధరణ అంటారు. సిమెంటు నీటిని లోపలే పట్టి ఉంచుతుంది. కార్క్ పశ్చిమాన కిల్కో కోట కొన్న నటుడు జెరమీ ఐరన్స్ బయట పూత వేయించి ఇటుక రంగు పులిమిస్తే, ఆ రంగేమిటని జనం ముక్కు విరిచారు. ఆయన ఇల్లు పొడిగా ఉంటే వీళ్లకేం బాధ?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పడకగది ఫొటో. నాలుగు స్తంభాల మంచం, వెల్వెట్ పరదాలు, జింక తల. ఆ పరదా వెనక, మూల, ఒక తెల్లటి పెట్టె, దాని పైపు ఒక బకెట్‌లోకి. ఫొటో పెద్దది చేసి చూశాను. డీహ్యూమిడిఫయర్! గాలిలో చెమ్మ పీల్చే యంత్రం. నా పడకగదిలో కూడా ఒకటి ఉంది, రోజూ నీళ్లు నేనే పారబోస్తాను, దాని ముఖం నాకు తెలియదా? అంత కోటలో అది ఉన్నా ప్రకటనలో చెమ్మ అన్న ముక్కే లేదు. "శతాబ్దాల వాతావరణం గోడల్లో ఊపిరి పోసుకుంటోంది" అని రాశారు. మామూలు ఇల్లు అమ్మాలన్నా అద్దెకివ్వాలన్నా ఎ నుంచి జి వరకు ఇంధన రేటింగు చూపించాలి. రక్షిత కట్టడానికి అదీ మినహాయింపే. పైగా ఏడాదిలో కనీసం 60 రోజులు జనాన్ని లోపలికి రానిస్తే, అర్హత ఉన్న కోటల యజమానులకు మరమ్మతు ఖర్చు మీద పన్ను రాయితీ. మన టాగోర్ గీతాంజలికి ముందుమాట రాసిన ఐరిష్ కవి యేట్స్ కూడా గాల్వే కౌంటీలో 35 పౌండ్లకు ఇలాంటి బురుజే కొన్నాడు. వేసవిలో వచ్చి ఉండేవాడు. చలికాలం ఏరు పొంగి కింది అంతస్తులోకి వచ్చేది మరి. కవిగారికి ఉన్న తెలివి మా మరిదికి లేదు.

నన్ను మండిస్తున్నది కోట కాదు. మా పాత అద్దె ఇల్లు. ఉత్తరపు గోడ నిండా నల్ల బూజు, పరుపు వెనక్కి చేయి పెడితే తడి. పాపకు నవంబరు నుంచి మార్చి దాకా దగ్గు. అద్దె ఇంట్లో చెమ్మ లోపం ఉండకూడదని 2019 నిబంధనల్లో రాసి ఉంది. ఏజెంటు వచ్చాడు, గోడ వైపు చూడలేదు, నేరుగా వంటింట్లోకి వెళ్లి పోపుల డబ్బా వైపు చూశాడు. "మీ వంట చాలా ఆవిరి పుట్టిస్తుంది కదా, కిటికీలు తెరవండి" అన్నాడు. జనవరిలో! ఆ గోడకూ వంటింటికీ మధ్య రెండు గదులు. ఆవాలు చిటపటలాడితే రెండు గదులు దాటి పరుపు వెనక బూజు మొలుస్తుందట. ఆయన దేశపు వాళ్లు రోజూ బంగాళాదుంపలు ఉడకబెట్టుకుంటారు, ఆ ఆవిరికి మర్యాద తెలుసు కాబోలు, తలుపు తట్టి బయటికి పోతుంది.

మరి ఆ క్లేర్ బురుజులో అయిదు వందల ఏళ్లుగా సాంబారు కాచింది ఎవరు?

చివరికి డిపాజిట్‌లో కోత కోశారు. కాగితం మీద కారణం "వంట వల్ల గోడలకు నష్టం". రుజువు చూపమని రాస్తే జవాబు లేదు. మేం ఖాళీ చేయగానే అదే ఇల్లు ప్రకటనలో కనబడింది, అద్దె పెంచి. ఉత్తరపు గోడకు కొత్త రంగు వేశారు, నా డబ్బుతోనే వేసి ఉంటారు. ఆ రంగైనా కాస్త బాగున్నది ఎంచుకోవలసింది, మందుల షాపు ఆకుపచ్చ!