నడుము కట్టుకున్న రోజులు, మోయబడే రోజులు

మన సంఘాల్లో ‘నమ్మకమైన విశ్వాసి’ అనగానే మనసులో మెదిలే మనిషికి దాదాపు ఎప్పుడూ ఒకే వయసు, ఒకే ఆరోగ్యం ఉంటాయి. ఆరాధనకు ముందే వచ్చి చాపలు పరిచే యువకుడు, ఉపవాస కూడికలో రాత్రంతా మోకరించే స్త్రీ, సువార్త పనికి ఊళ్లు తిరిగే సంఘ పెద్ద మనకు గుర్తొస్తారు. వారు నమ్మకమైనవారే, సందేహం లేదు. అయితే మోకాళ్లు అరిగి గుడి మెట్లెక్కలేని తల్లి, రాత్రంతా పసిబిడ్డతో మేల్కొని తెల్లవారి బైబిలు తెరిచేసరికి కునుకు పట్టే ఇల్లాలు, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లే మనిషి కూడా అంతే నమ్మకంగా జీవిస్తున్నారని చెప్పడానికి మన దగ్గర మాటలు చాలవు. ఒక వయసులో చేసిన పనిని అదే వేగంతో చివరిదాకా చేయడాన్నే విశ్వసనీయత అనుకుంటున్నాం. కాలం మారినప్పుడు విధేయత రూపం కూడా మారాలని గుర్తించకపోతే, బలం తగ్గిన ప్రతి విశ్వాసినీ మనకు తెలియకుండానే నేరస్థుణ్ణి చేస్తాం.

“ప్రతిదానికి సమయము కలదు” అన్న ప్రసంగి మాటను పెళ్లిళ్లలోనూ, సమాధి కార్యక్రమాల్లోనూ చదువుతూనే ఉంటాం. కోత పండుగనాడు కొత్త వడ్లు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి కానుకగా అర్పించే పల్లె సంఘాలకు ఆ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. నాట్ల నాడు గింజ లేదని ఏ రైతూ పొలాన్ని నిందించడు.

తెలుగు నేల మీదే ఇందుకు ఒక మంచి ఉదాహరణ ఉంది. అమెరికా లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ 1842లో గుంటూరు చేరేనాటికి ఆయన వయసు 49 ఏళ్లు. అప్పటికే భార్యను కోల్పోయిన మనిషి. కొన్నేళ్లకు స్వదేశం వెళ్లి, బోధకుడిగా దశాబ్దాల అనుభవం ఉన్నా మళ్లీ విద్యార్థిగా కూర్చుని బాల్టిమోర్‌లో వైద్యం చదివి, 1847లో పట్టా పుచ్చుకున్నారు. ఆ తర్వాత తిరిగి వచ్చి గుంటూరులోనూ, పల్నాడులోని గురజాలలోనూ పనిచేశారు. 1857లో వెళ్లిపోయాక ఆయన పని ముగిసిందనే ఎవరైనా అనుకుంటారు. కానీ 1869లో రాజమండ్రి మిషన్‌ను మరో సంస్థకు అప్పగించే పరిస్థితి వచ్చినప్పుడు, 76 ఏళ్ల వయసులో ఆయన మూడోసారి ఓడ ఎక్కారు.

మన ప్రసంగాల్లో ఇలాంటి కథ సాధారణంగా ఆ ఓడ దగ్గరే ఆగిపోతుంది. ఆ వయసులో ఆయనే అంత చేస్తే మనమెంత చేయాలన్న హెచ్చరికతో ముగుస్తుంది. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం ఆ తర్వాతి భాగం. ఈసారి హేయర్ కొత్త రంగాలు తెరవడానికి రాలేదు. ఉన్నది చెదిరిపోకుండా పట్టుకుని, వెనుక వచ్చిన చిన్నవారి చేతుల్లో పెట్టి, రెండేళ్లు నిండకుండానే వెళ్లిపోయారు. చివరి రోజుల్లో ఫిలడెల్ఫియాలోని సెమినరీలో (బోధకులను తయారుచేసే వేదాంత పాఠశాలలో) విద్యార్థులకు చాప్లైన్‌గా, అంటే వారి ఆత్మీయ కాపరిగా ఉండి 1873లో కన్నుమూశారు. ఒకే పిలుపు ఆయనను ఒక వయసులో మార్గం వేసేవాడిగా, మరో వయసులో చదువుకునేవాడిగా, ఇంకో వయసులో అప్పగించేవాడిగా నిలబెట్టింది. గుంటూరు, రాజమండ్రి మిషన్లు కలిసి 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘంగా ఏర్పడే నాటికి ఆయన పోయి అర్ధశతాబ్దం దాటింది.

అప్పగించడం కంటే కష్టమైన కాలం ఇంకొకటుంది. యోహాను సువార్త చివరి అధ్యాయంలో ప్రభువు పేతురుతో, యౌవనంలో నీ నడుము నీవే కట్టుకుని ఇష్టమైన చోటికి వెళ్లావు, ముసలివాడవైనప్పుడు వేరొకడు నీ నడుము కట్టి నీకిష్టం కాని చోటికి మోసుకుపోతాడు అంటాడు. పేతురు ఎలాంటి మరణంతో దేవుణ్ణి మహిమపరుస్తాడో సూచిస్తూ ఆ మాట చెప్పాడని సువార్త వివరిస్తుంది. అంటే ఇతరుల చేతుల్లో ఉండే స్థితిలో కూడా మనిషి దేవుణ్ణి మహిమపరచగలడు. “నన్ను వెంబడించుము” అన్న పిలుపు ఆ మాట వెంటనే వస్తుంది.

ఈ వాక్యం నేడు ఎందరో తల్లిదండ్రుల ఇంటి కథ. పిల్లలు హైదరాబాద్‌లోనో, గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఉంటారు. ఊళ్లో మిగిలినవారు, నిన్నటిదాకా స్త్రీల కూడిక నడిపినవారు, ఇప్పుడు ఫోన్‌లో ఆరాధన చూస్తూ, తామిక దేవునికి పనికిరామేమోనని కుమిలిపోతారు. “వృద్ధాప్యమందు నన్ను విడనాడకుము” అని డెబ్బై ఒకటో కీర్తనకారుడు మొరపెట్టుకున్నాడంటే ఆ భయం విశ్వాసులకు కొత్తది కాదు. దానికి మన సాక్ష్యాల పద్ధతి మరింత బరువు చేరుస్తోంది. రోగం పోయింది, ఉద్యోగం వచ్చింది, వీసా దొరికింది అన్నవారికే మైకు అందుతుంది. రోగం పోకపోయినా ప్రార్థన మానలేదని చెప్పేవారిని నేను చాలా అరుదుగా విన్నాను. విన్నప్పుడల్లా గుడి అంతా నిశ్శబ్దమైంది.

ఇది మారాలంటే పెద్ద పథకాలు అక్కర్లేదు. వంటకు బియ్యం కొలిచే ప్రతిసారీ పిడికెడు పక్కన పెట్టి సంఘానికిచ్చే అలవాటు మన స్త్రీలది. అడుగు బయట పెట్టకుండానే చేసే ఆ పనిని ఎన్నడూ తక్కువ చేయని సంఘం, మంచం పట్టినవారి ప్రార్థననూ పరిచర్యగానే లెక్కించగలదు. ప్రభురాత్రి భోజనం వారి ఇంటికి వెళ్లాలి. ప్రార్థన విన్నపాల పట్టిక వారి చేతికి అందాలి, ఎందుకంటే వారికి ఉన్నంత సమయం మనలో ఎవరికీ లేదు.

భర్తనూ కొడుకులనూ పోగొట్టుకుని బేత్లెహేముకు తిరిగొచ్చిన నయోమి, తనను ఇకపై మారా, అంటే ‘చేదు’ అని పిలవమని ఊరి స్త్రీలతో అంది. ఆ చేదు మాటకు వారెవరూ ఆమెను గద్దించినట్టు రూతు గ్రంథంలో లేదు. ఏడాది గడిచాకో, ఇంకా ఎక్కువ కాలానికో, కోడలు రూతు కన్న ఓబేదును ఆమె కౌగిట పెట్టుకున్నప్పుడు “నయోమికొరకు కుమారుడు పుట్టెను” అని చెప్పి ఆ బిడ్డకు ఆ పేరు పెట్టింది మాత్రం ఆ పొరుగు స్త్రీలే.