బావగారు సముద్రంలో ఉన్నారు

షుగరు అంచు మీద ఉందని డాక్టరుగారు అనగానే మా బావగారు పరుగు మొదలుపెడతానని ప్రకటించారు. "రేపట్నుంచేనా?" అని అక్క ఆశగా అడిగింది. "వాచీ కొన్నాక" అన్నారు.

బావగారు ఆఫీసులో టెండర్లు చూసే సెక్షన్‌లో సూపరింటెండెంటు. గుండుసూదికి కూడా మూడు కొటేషన్లు తెప్పించే మనిషి. అంచేత వాచీ వ్యవహారం కూడా పద్ధతి ప్రకారమే నడిచింది. ఎక్సెల్‌లో కంపారిటివ్ స్టేట్‌మెంట్ తయారైంది. గార్మిన్, కోరోస్, పోలార్, అమేజ్‌ఫిట్, యాపిల్ అన్నీ వరసగా నిలబడ్డాయి. వాటి కింద ఆయనకి అర్థమైనవీ, కానివీ కలిపి గళ్లే గళ్లు. ఎత్తు కొలిచే బారోమీటరుకి ఒక గడి. బీచ్ రోడ్డు మీద పరుగెత్తేవాళ్లకి ఎత్తుతో పనేంటండీ అంటే, "రేపు కైలాసగిరి ఎక్కాలనిపిస్తే?" అన్నారు. ఆయన కైలాసగిరి ఎప్పుడు ఎక్కినా రోప్‌వేలోనే ఎక్కారు.

నన్నడిగితే ఇలాంటి వాచీలో చూడాల్సినవి పెద్దగా ఉండవు. బటన్లు ఉన్నాయా, ఎండలో అంకెలు కనబడుతున్నాయా, జీపీఎస్ వేస్తే బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, అంతే. డబ్బా మీద రెండు వారాలని పెద్దక్షరాలతో రాస్తారు. అది వాచీ ఊరికే టైము చూపిస్తూ కూర్చుంటే వచ్చే లెక్క. జీపీఎస్ ఆన్ చేస్తే రోజులు కాస్తా గంటలవుతాయి. ఇక బటన్ల సంగతి. వైజాగ్ ఉక్కపోతలో పావుగంట పరుగెత్తినవాడి చెమట వేలికి టచ్ స్క్రీన్ చచ్చినా పలకదు. ఇవన్నీ చెప్పాను. బావగారు శ్రద్ధగా విని 'రిమార్క్స్' అనే గడిలో ఎక్కించుకున్నారు. మన ఆఫీసుల్లో ఆ గడిని ఎవరూ చదవరని మీకూ తెలుసు.

ద్వారకానగర్‌లో షాపుకి వెళ్లాం. కుర్రాడు ఒక ఖరీదైన వాచీ తీసి, "ఇందులో ఎల్1, ఎల్5 రెండూ ఉంటాయి సార్, అందుకే ఈ రేటు" అన్నాడు. బావగారు కళ్లజోడు సర్దుకున్నారు. సర్వీసంతా ఆయనకి ఎల్1 అంటే అందరికన్నా తక్కువ కోట్ చేసినవాడు. "ఎల్1 ఉండగా ఎల్5 దాకా ఎందుకు వెళ్లారయ్యా? ఆడిట్‌లో దొరికిపోతారు" అన్నారు. కుర్రాడు బిక్కమొహం వేశాడు. అవి ఉపగ్రహాలు సిగ్నల్ పంపే రెండు ఫ్రీక్వెన్సీలనీ, ఎత్తయిన బిల్డింగులకి తగిలి తిరిగొచ్చే దొంగ సిగ్నల్‌కి మోసపోకుండా ఉండాలంటే రెండూ అందుకునే వాచీ నయమనీ, జీపీఎస్ లాంటి మన ఇస్రోవాళ్ల నావిక్ ఉపగ్రహాలు కూడా ఎల్5లో పలుకుతాయనీ నేనే చెప్పాల్సొచ్చింది. ఇస్రో పేరు వినగానే ఆయన ఛాతీ కొంచెం ముందుకొచ్చింది. రేటులో తేడా చూశాక మళ్లీ వెనక్కి వెళ్లింది. చివరికి ఎల్1 ఒక్కటే ఉన్న వాచీ, ఎల్1గా తేలింది.

"దీనికి 50 మీటర్ల వాటర్ రెసిస్టెన్స్ కూడా ఉంది సార్."

"నాకు ఈత రాదు."

"వానకీ, చెమటకీ సార్."

ఆ 50 మీటర్లంటే వాచీ పెట్టుకుని అంత లోతుకి దూకొచ్చని కాదు. కదలని నీళ్లలో అంత లోతున ఉండే ఒత్తిడికి తట్టుకుందని మాత్రమే. బావగారు ఈ గొడవలోకి దిగకుండా ఆ గడిలో 'అవసరం లేదు' అని రాసి సంతకం పెట్టినంత పని చేశారు.

ఇంటికొచ్చాక వాచీ ఈయన్ని ప్రశ్నలడగడం మొదలుపెట్టింది. వయసెంత, బరువెంత, ఏ చేతికి పెట్టుకుంటారు, ఆపదొస్తే ఎవరికి కబురు చెయ్యాలి. ఆఖరిదానికి అక్క నంబరూ నా నంబరూ ఇచ్చారు. వయసు 54 కాబట్టి, 220లోంచి అది తీసేస్తే గుండె గరిష్ఠ వేగం 166 అని కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించారు. అది సగటు మనుషుల మీద కట్టిన మోటు లెక్క, మనిషికీ మనిషికీ పదీ పన్నెండూ తేడా రావచ్చు. కానీ ఫ్రిజ్ మీదకెక్కిన లెక్కని మా ఇంట్లో ఎవరూ ప్రశ్నించరు.

ఆదివారం తెల్లవారుజామున ఆయన కాళీమాత గుడి దగ్గర దిగారు. ఇక్కణ్నుంచి జరిగిందంతా ఆయన ముక్కలుముక్కలుగా చెప్పగా మేం అతుకేసుకున్నది.

వాచీ ముందు ఉపగ్రహాల కోసం వెతుక్కుంటుంది. అవేమో 20 వేల కిలోమీటర్ల పైన ఉంటాయి. కనీసం నాలుగు దొరికి, వాటి కబురు పూర్తిగా అందేదాకా మనం బయలుదేరకూడదు. కొత్త వాచీకి మరికాస్త సేపు పడుతుంది. చెయ్యి పైకెత్తి రోడ్డు మధ్య నిలబడ్డ బావగారిని చూసి, ఎవరో ఆటో కోసమా అని అడిగారట. తెల్లారేపూట ఆ రోడ్డు మీదికి బళ్లనే రానివ్వరు. సిగ్గేసి, వాచీ ఇంకా వెతుకుతుండగానే పరుగందుకున్నారు.

పట్టీ సంగతి ఇంకోటి. పెళ్లినాటి హెచ్‌ఎంటీ వాచీని ఆయన గాజులా వదులుగా పెట్టుకునేవారు. దీన్నీ అలాగే పెట్టుకున్నారు. ఈ వాచీలు అడుగున పచ్చటి లైటు వేసి, చర్మం కింద రక్తం కదలికని బట్టి గుండె కొట్టుకోవడం లెక్కపెడతాయి. పట్టీ వదులైతే వాచీ అడుగడుక్కీ ఎగిరెగిరి పడుతుంది. అది గుండెని వదిలేసి అడుగుల్ని లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. నిమిషానికి అడుగులు ఎన్నైతే గుండె అన్ని! బావగారు కురుచ మనిషి, చిన్నచిన్న అడుగులు. సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గరికొచ్చేసరికి వాచీ 166 చూపించింది.

సరిగ్గా ఫ్రిజ్ మీద అంకె. టెన్షన్ పట్టుకుంది. టక్కున ఆగిపోయారు. సరిగ్గా అప్పుడే వెనక నుంచి, ఏళ్ల తరబడి కనబడని పాత స్నేహితుడొకాయన, "ఏరా!" అంటూ వచ్చి జబ్బ మీద ఒక్కటి చరిచాడు.

వాచీ వైపు నుంచి ఆలోచించండి. పరుగెత్తుతున్న మనిషి హఠాత్తుగా ఆగాడు, ఆ వెంటనే గట్టి దెబ్బ. ఏ వాచీ అయినా ఏమనుకుంటుంది? కీచుకీచుమంటూ 'పడిపోయారా?' అని అడిగి అంకెలు వెనక్కి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. బావగారికి చత్వారం. కళ్లజోడు ఇంట్లో ఉంది. ఏదో మంచి స్కోరు వచ్చినట్టుందని సంతోషించి, చెమట వేలితో తెర మీద రెండుసార్లు రుద్దారు. పలకలేదు. బటన్ల సంగతి రిమార్క్స్ గడిలో ఉందని మనవి.

ఇంట్లో అక్క ఫోన్ మోగింది. మీవారికి ప్రమాదం జరిగి ఉండవచ్చు అని ఇంగ్లీషులో మెసేజ్, కింద మ్యాపు. నొక్కింది. మ్యాపులో రోడ్డుంది, ఇసకుంది, ఆ తర్వాత నీలం రంగు. చుక్క నీలంలో ఉంది.

"ఒరేయ్ తమ్ముడూ, మీ బావ సముద్రంలో ఉన్నార్రా!"

ఫోన్ చేస్తే ఎత్తరు. అది నడుముకి కట్టిన సంచిలో సైలెంట్‌లో ఉంది. స్కూటర్ మీద బయలుదేరాం. బారికేడ్ దగ్గర కానిస్టేబుల్ ఆపేశాడు, ఈ టైములో బళ్లు వదలమని. నేను ఆయనకి నచ్చజెప్పేలోపు అక్క చెప్పులు చేత్తో పట్టుకుని పరుగందుకుంది. నైటీ మీద చున్నీ, జుట్టు ముడి ఊడిపోయి, నేవీ మారథాన్‌కి ప్రాక్టీసు చేస్తున్న కుర్రాళ్లని దాటుకుంటూ. మా ఇంట్లో ఆ రోజు నిజంగా పరుగెత్తిన మనిషి ఆవిడే. లెక్కపెట్టడానికి ఆవిడ చేతికి ఏ వాచీ లేదు.

బావగారు ఇడ్లీ బండి దగ్గర ఉన్నారు. స్నేహితుడితో స్టూలేసుకుని కూర్చుని, అల్లం చట్నీలో ముంచిన ముక్క నోటి దాకా వచ్చింది. అక్కని చూసి, "నువ్వూ వాకింగ్ మొదలుపెట్టావా? మంచిది. ఒక ప్లేటు చెప్పమంటావా?" అన్నారు. అక్క ఏమీ అనలేదు. ఆ ప్లేటు లాక్కుని, అక్కడే నిలబడి, మిగతా రెండిడ్లీలూ తినేసింది.

ఇంటికొచ్చాక ఫోన్లో పరుగు బొమ్మ చూశాం. గుడి దగ్గర బయలుదేరిన గీత కాసేపు అలల మీదుగా నడిచి, తర్వాత బుద్ధొచ్చినట్టు రోడ్డెక్కి, మళ్లీ మ్యూజియం దగ్గర నీళ్లలోకి దిగింది. కుర్సురా సబ్‌మెరైన్ ఏళ్ల తరబడి సముద్రంలో కొలువు చేసి 2001లో రిటైరై ఒడ్డుకి చేరింది. బావగారు ఇంకా సర్వీసులో ఉండగానే దానికి ఎదురెళ్లారు. "50 మీటర్లు పనికొచ్చేలా ఉందండీ" అన్నాను. "ఎల్5 తీసుకుని ఉంటే రోడ్డు మీదే ఉండేవాణ్ని" అని నా వైపే తప్పు పట్టినట్టు చూశారు.

అక్క తన నంబరు తీయించేసింది. ఇప్పుడు ఆపదొస్తే కబురు నాకొక్కడికే వస్తుంది. మొన్న క్రికెట్ మ్యాచ్ చూస్తూ, వికెట్ పడేసరికి బావగారు సోఫా చేతి మీద దబ్బున కొట్టారు. పొద్దున మొదలైన పరుగు వాచీలో ఇంకా ఆపలేదు. నా ఫోన్ మోగింది. నేను అదే సోఫాలో ఆయన పక్కనే ఉన్నాను.

"ఈసారి ఎక్కడున్నారట?" వంటింట్లోంచి అక్క.

చూశాను. చుక్క రెండు వీధుల అవతల కల్యాణ మండపంలో ఉంది. చెప్పాను.

"అయితే భోజనం అక్కడే కానిచ్చి రమ్మను" అంది.