మహారాజశ్రీ బెల్లం గారికి, 6.3 రాసుకున్న విన్నపం

మహారాజశ్రీ బెల్లం గారి సముఖమునకు,

విజయనగరంలో గంటస్తంభానికి నడిచొచ్చే దూరంలో ఒక అద్దింట్లో ఉంటున్న మీ పాత భక్తుడు నమస్కరించి రాసుకున్న విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం, నా రక్తం తప్ప.

మీరు మా వంటింటికి ఏ హోదాలో వచ్చారో ఒకసారి గుర్తు చేస్తాను. ఏడు నెలల కిందట డాక్టరుగారు నాకు హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించారు. గత మూడు నెలల షుగర్ భాగోతమంతా ఒక్క అంకెలో చెప్పే పరీక్ష అది. ఉపవాసం ఉండి మోసం చేద్దామన్నా కుదరదు. నాకు 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా గట్టు మీద నిలబడ్డట్టు, 6.5 అయితే చెరువులో, అంటే షుగర్ జబ్బులో, పడ్డట్టు అని ఆయన చెప్పి, "పంచదార మానెయ్యండి" అన్నారు. నేను తలూపాను. బెల్లం సంగతేమిటని అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే జవాబు చెప్పేస్తారన్న భయంతో అడగలేదు.

ఇంటికొచ్చి పంచదార డబ్బాని అటక ఎక్కించాం. మొత్తం కుటుంబం 'సహజాహారం'లోకి మారిపోయింది. మైదా బంద్, పాకెట్ చిరుతిళ్లు బంద్, నూనెలో వేగినవి ఆదివారానికి వాయిదా. పంచదార ఖాళీ చేసిన కుర్చీలో మిమ్మల్ని కూర్చోబెట్టాం. ఎన్నికలు లేవు, పోటీ లేదు, ఏకగ్రీవం.

మిమ్మల్ని తేవడం కూడా అంత సులువుగా జరగలేదని మనవి. పసుప్పచ్చగా మెరిసే బెల్లంలో రంగు కోసం హైడ్రోసు అనే రసాయనం కలుపుతారు, నల్లదే మంచిదని యూట్యూబ్‌లో విని మార్కెట్‌కి వెళ్లి నల్లబెల్లం అడిగాను. కొట్టాయన నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. మా జిల్లాలో నల్లబెల్లం అడిగినవాడిని నాటుసారా కాసేవాడేమోనని చూసే చూపు ఒకటుంటుంది. "ఎన్ని దిమ్మలు బాబూ?" అన్నాడు గొంతు తగ్గించి. అరకేజీ చాలన్నాను. ఇంకాస్త దగ్గరికి జరిగి, "పటిక కూడా కట్టమంటారా?" అన్నాడు. నా షుగర్ కోసం తీసుకెళ్తున్నానని చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది. నమ్మాడో లేదో ఇప్పటికీ తెలీదు.

ఆ రోజు మొదలు మీ పాలన. పొద్దున్న టీలో మీరే. మొదటిరోజు మరుగుతున్న పాలల్లో వేస్తే విరిగిపోయాయి. పాలకి మీరెవరో తెలిసిపోయింది, మాకే తెలియలేదు. దించాక వెయ్యాలని తర్వాత నేర్చుకున్నాం. పంచదారంత తీపి తగలడం లేదని ఇంకాస్త పెద్ద ముక్క వేశాం, మంచిదే కదా అని. పదకొండింటికి చోడి (రాగి) అంబలిలో మీరు. ఇక సాయంత్రం నాలుగున్నర.

ఆ నాలుగున్నర గురించి మీకు వేరే చెప్పాలా! ఆఫీసులో ఫైలు మీద అక్షరాలు ఈదుతుంటాయి, చెయ్యి దానంతటదే సొరుగు వైపు వెళ్తుంది. ఒకప్పుడు ఆ సొరుగులో బిస్కెట్లు ఉండేవి. దొంగతనంగా తినేవాడిని, రెండు తిన్నాక సిగ్గేసి ఆపేవాడిని. ఇప్పుడు సొరుగులో నువ్వులుండలు, పల్లీ చెక్కీలు, రింగురోడ్డులో కొత్తగా పెట్టిన మిల్లెట్ దుకాణం నుంచి తెచ్చిన కొర్రల లడ్డూలు. సిగ్గనేది లేకుండా పోయింది. పక్క సీటువాళ్లకి కూడా పంచి, "ఐరన్ అండీ, తినండి" అని ఉపన్యాసం ఇచ్చేవాడిని. మీరు చేసిన అసలు ద్రోహం ఇదే. పంచదార నా చేత తప్పు చేయించింది. మీరు అదే తప్పుని పుణ్యంలా చేయించారు.

ఆ ఐరన్ లెక్క కూడా తేల్చుకుందాం. పది గ్రాముల మీ ముక్కలో మహా అయితే ఒక మిల్లీగ్రాము ఐరన్ ఉంటుందేమో. మగవాడికి రోజుకి 19 మిల్లీగ్రాములు కావాలని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. అంటే మిమ్మల్ని నమ్ముకుని ఐరన్ సంపాదించాలంటే రోజుకి రెండువందల గ్రాములు నమలాలి. ఆ లోపల నా పేరు ముందు 'కీర్తిశేషులు' చేరుతుంది.

మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్షకి వెళ్లాను. పంచదార గింజ ముట్టని మనిషిని, ఛాతీ విరుచుకునే వెళ్లాను. 6.3 వచ్చింది. ల్యాబులో తారుమారు చేశారని గొడవ పెట్టుకుందామనుకున్నాను కూడా.

ఆ రాత్రి కాగితం పెన్నూ తీసుకుని కూర్చున్నాను. పాతరోజుల్లో మూడు టీలు, ఒక్కోదానికి రెండు నిండు చెంచాలు, వెరసి ముప్పై గ్రాముల పంచదార, పైన సొరుగులో ఆ రెండు బిస్కెట్లు. 'మానేశాక' టీల్లో ముప్పై, అంబలిలో ఇరవై, ఉండల్లో లడ్డూల్లో కలిపి ఇంకో ముప్పై, మొత్తం ఎనభై గ్రాముల మీరు. రోజంతా కలిపి విడి చక్కెర, అంటే పైనుంచి కలుపుకునే తీపి, యాభై గ్రాములు దాటొద్దు, పాతిక లోపుంటే ఇంకా మేలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. మీరు ఆ లెక్కలోకి రారని నాకెవరు చెప్పారో ఎంత ఆలోచించినా గుర్తుకురాలేదు. ఎవరూ చెప్పలేదు. నాకు నేనే చెప్పుకున్నాను.

లడ్డూ డబ్బా తిప్పి చూశాను. ముందు కొర్ర కంకుల బొమ్మ, పల్లెటూరి అవ్వ నవ్వు. వెనక చీమల్లాంటి అక్షరాల్లో పదార్థాల జాబితా. ఏది ఎక్కువ బరువుంటే దాని పేరు ముందు రాయాలన్నది రూలు. మొదటి పేరు మీదే. కొర్రలు మూడో స్థానంలో సర్దుకుని కూర్చున్నాయి, పెళ్లిలో దూరపు చుట్టాల్లాగా.

పొద్దున్నే చీపురుపల్లి వైపు నుంచి మా అమ్మ వచ్చింది. విషయం విని నవ్వింది. "ఏట్రా, బెల్లం ఏ సెట్టుకి కాస్తాదనుకున్నావు? అదీ సెరుకే కదరా!" అంది. నిజమే. ఒకే పొలంలో చెరుకు, ఒక బండి భీమసింగి మిల్లుకెళ్తే పంచదార అయ్యేది, రెండో బండి గానుగకెళ్తే మీరయ్యేవారు. అన్నదమ్ములు. ఒకడు ఫ్యాంటూ చొక్కా వేసుకున్నాడు, ఒకడు పంచె కట్టుకున్నాడు. పంచె కట్టినవాడు మంచివాడని మేం నమ్మేశాం, అంతే.

ఆవిడ అక్కడితో ఆగలేదు. నా అంబలి గ్లాసు రుచి చూసి మొహం అదోలా పెట్టింది. "అంబలిలో బెల్లమేట్రా నాయినా? మజ్జిగ పోసుకుని, ఉల్లిపాయ కొరుక్కుని తాగీవోలం. ఇది అంబలి కాదు, పాయసం." నాకు తల తీసేసినట్టయింది. తరతరాలుగా ఉప్పుగా, పుల్లగా బతికిన చోడిని పట్టుకొచ్చి, దానికి పట్నం మర్యాద నేర్పుతున్నామని మిమ్మల్ని పులిమింది మేమే. ఉడకేసిన కందికాయలు, కాల్చిన తేగలు, ఉప్పూకారం అద్దిన జామకాయ ముక్కలు, ఇవేవీ మీ సిఫార్సు లేకుండానే మా చిన్నతనంలో సాయంత్రాలు గడిపేశాయి.

నాలుగున్నర రహస్యం కూడా అమ్మ చేతిలోనే తేలింది. మధ్యాహ్నం నా కంచం చూసి, "అన్నం కొండంత, పప్పు కాటుకంత. నాలుగింటికి ఆకలెయ్యదేటి?" అంది. ఇప్పుడు కంచంలో అన్నం తగ్గింది, పప్పు, కూర పెరిగాయి, ఒక గుడ్డు చేరింది. నాలుగున్నరకి వేరుశనగ పలుకులో, ఉడికించిన శనగలో తింటున్నాను. రాత్రి పన్నెండు దాకా ఫోన్ చూసిన మర్నాడు మాత్రం తీపి మీదకి మనసు రెట్టింపు పోతోంది. నిద్ర తక్కువైతే ఆకలి పెంచే హార్మోన్లు రెచ్చిపోతాయట. ఆ ఒక్కదానికి మీ మీద కేసు పెట్టను, అది పూర్తిగా నాదే.

అపార్థం చేసుకోకండి. మీకూ నాకూ జన్మవైరం లేదు. రథసప్తమి పరమాన్నంలో మీరుండాలి, సంక్రాంతి అరిసెల్లో మీరు లేకపోతే నేనే ధర్నా చేస్తాను. భీమాలి మామిడి తాండ్ర వాసన వస్తే ఇప్పటికీ కాళ్లు ఆగిపోతాయి. నా గొడవల్లా మామూలు మంగళవారం సాయంత్రంతోనే. పండగ చుట్టంగా రావలసిన మీరు మా ఇంట్లో రేషన్ కార్డులో పేరెక్కించుకున్నారు.

అందుచేత మిమ్మల్ని కూడా అటక ఎక్కిస్తున్నాను. పంచదార డబ్బా పక్కనే చోటు చూపించాను. చాలాకాలానికి కలుసుకుంటున్నారు కదా, అన్నదమ్ములు మాట్లాడుకోండి. వచ్చే నెల మళ్లీ పరీక్ష ఉంది.

ఇట్లు,
తమరి విధేయుడు,
6.3

తా.క.: నెలరోజులుగా మార్కెట్ వైపు వెళ్లలేదు. ఆ కొట్టాయన నేను పట్టుబడ్డాననే అనుకుంటూ ఉంటాడు. మీరు వారానికోసారి లారీలో అక్కడికి వెళ్తుంటారు కాబట్టి, నేను బయటే ఉన్నానని, పటిక అక్కర్లేదని ఒక మాట చెప్పగలరు.