కవిగారి ఏలుబడిలో ధాత కరువు

కవిత్వం లేకపోయినా బతకొచ్చు, అంతరాత్మ లేకపోయినా బతకొచ్చు, స్నేహితులూ పుస్తకాలూ లేకపోయినా బతకొచ్చు, కానీ భోజనం లేకుండా బతికే మనిషిని చూపించండి! 1860లో వచ్చిన 'లుసీల్' అనే పద్యకథలో ఒక చమత్కారం ఇలా నడుస్తుంది. రాసింది ఓవెన్ మెరెడిత్. అది కలం పేరు. అసలు పేరు రాబర్ట్ బుల్వర్ లిట్టన్. పదహారేళ్ల తరవాత, 1876 ఏప్రిల్‌లో, ఆయనే వైస్రాయ్‌గా కలకత్తాలో దిగాడు. ఆ ఏడాదే దక్షిణాదిన వానలు మొహం చాటేశాయి. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. మన పెద్దలు ధాత కరువు అన్నది దీన్నే.

లిట్టన్ గురించి రెండు మాటలు తరచూ వింటాం. సున్నిత మనస్కుడైన కవి, పాలన ఆయనకు అచ్చిరాలేదన్నది ఒకటి. కవిగా అంతంతమాత్రం, పాలకుడిగానూ అంతేనన్నది రెండోది. రెండూ తేలిక మాటలే. సాహిత్యం ఆయన పాలనకు అడ్డు రాలేదు, దాని తప్పులకు కారణమూ కాలేదు. చేతిలో పనిముట్టుగా పనికొచ్చింది, అంతే.

పుట్టిన ఇల్లు అలాంటిది. తండ్రి ఎడ్వర్డ్ బుల్వర్ లిట్టన్ పేరు మోసిన నవలాకారుడు, ఎంపీ, 1858లో వలసల మంత్రి. పత్రికల మీద స్టాంపు పన్ను ఎత్తేయాలని 1830లలో పార్లమెంటులో పోరాడినవాడు. కత్తి కంటే కలమే గొప్పదన్న మాట 1839లో ఆయన రాసిన నాటకంలోదే. కొడుకు 1878లో రెండింటి పనీ పట్టాడు. భారతీయ భాషా పత్రికల నోరు నొక్కే చట్టం, జనం చేతిలోని ఆయుధాలకు లైసెన్సులు పెట్టే చట్టం ఒకే ఏడాదిలో వచ్చాయి. మొదటిదాన్నుంచి తప్పించుకోవడానికి అమృత బజార్ పత్రిక రాత్రికి రాత్రే ఇంగ్లిష్ పత్రికగా మారిపోయింది.

అయితే రాతిగుండె మనిషని తీసిపారేయడానికీ లేదు. ఆగ్రాలో ఫుల్లర్ అనే ఇంగ్లిష్ వకీలు కొట్టిన దెబ్బకు అతని గుర్రాల కాపరి (సైసు) చచ్చిపోతే, మేజిస్ట్రేటు 30 రూపాయల జరిమానాతో సరిపెట్టాడు. వచ్చి మూడు నెలలైనా కాని లిట్టన్ ఆ తీర్పును బాహాటంగా తప్పుపట్టాడు. ఇక్కడి తెల్లవాళ్లు ఆయన మీద భగ్గుమన్నారు. ఒక్క సైసు చావుకు అంతగా కదిలిన మనిషి లక్షల చావులకు ఎందుకు కదల్లేదు?

1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటించారు. రాజులకిచ్చే పట్టు జెండాల దాకా ప్రతిదానిమీదా ఆయనకు శ్రద్ధే. మద్రాసు ప్రెసిడెన్సీకి మాత్రం పొదుపు పాఠాలు చెప్పడానికి రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని పంపాడు. కరువు పనుల్లో మగవాడికి రోజుకు ఒక పౌను గింజలు, కొంచెం చిల్లర. అంటే అరకిలో కూడా కాదు. ఈ తిండితో మట్టి మోయలేరని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ మొత్తుకున్నాడు. గింజల ధరలో సర్కారు వేలు పెట్టకూడదన్నది పైవాళ్ల సిద్ధాంతం; కరువు సాగుతుండగానే గోధుమలు ఓడలెక్కి ఇంగ్లండ్‌కు పోయాయి. ఇదే టెంపుల్ 1874లో బీహార్‌లో బర్మా బియ్యం తెప్పించి జనాన్ని బతికించాడు, డబ్బు తగలేశాడని తిట్లు తిన్నాడు. ఆ తిట్లే ఈసారి అతని చేయి కట్టేశాయి. అతను కవి కాదు కదా! అందుకే నేరమంతా లిట్టన్ కవిత్వం మీద తోసేస్తే లండన్ ఖజానా లెక్కలు చల్లగా తప్పించుకుంటాయి.

మరి సాహిత్యం ఎక్కడ పనికొచ్చింది? 1877లో మద్రాసు వచ్చి శిబిరాలు చూశాక భార్యకు రాసిన ఉత్తరంలో. శిబిరాలు పిక్నిక్కుల్లా ఉన్నాయట, జనం పనీపాటా లేకుండా కొవ్వెక్కి ఉన్నారట. గవర్నర్ బకింగ్‌హామ్ డ్యూక్ వాళ్లను చూడబోవడం, భూస్వామి తన పందెపు ఎద్దులూ పందులూ ఎంత బలిశాయో చూసుకోబోయినట్టు ఉందట. ఉపమానం చూడండి, ఎంత పదునుగా ఉందో! చదివితే నవ్వొస్తుంది. అదే దాని పని. కళ్లెదుట ఉన్న మనిషిని కనపడకుండా చేయడానికి శైలికి మించిన తెర లేదు. అదే కరువులో హూపర్ అనే సైనికాధికారి తీసిన ఫొటోల్లో డొక్కలు లెక్కపెట్టొచ్చు.

చచ్చిపోయినవాళ్లు 55 లక్షలని ఒక అంచనా, 80 లక్షలు దాటారని మరొకటి. ఆ తరవాత కరువు కమిషన్ వేసింది కూడా లిట్టనే. 1880లో బ్రిటన్ ప్రధాని డిజ్రేలీ ప్రభుత్వం పడిపోగానే రాజీనామా చేశాడు. ఎర్ల్ అనే బిరుదు పొందాడు, పారిస్‌లో రాయబారిగా 1891లో కన్నుమూశాడు. ఆస్కార్ వైల్డ్ ఒక నాటకాన్ని ఆయన స్మృతికి అంకితమిచ్చాడు.

కూతుళ్ల దారి వేరు. ఎమిలీ మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తికి తల్లిలా అండగా నిలిచింది. కాన్‌స్టన్స్ మహిళల ఓటు హక్కు కోసం జైలుకెళ్లి నిరాహార దీక్ష చేసింది. లిట్టన్ బిడ్డగా వెళ్లినప్పుడు డాక్టర్లు గుండె పరీక్షించి, జబ్బుందని ఇంటికి పంపేశారు. 1910లో జుట్టు కత్తిరించుకుని, కుట్టుపని చేసుకునే జేన్ వార్టన్‌నంటూ లివర్‌పూల్ జైలుకెళితే, గుండె సంగతి సరిగా చూడనైనా చూడకుండా గొంతులోకి గొట్టం దూర్చి బలవంతంగా తిండి పోశారు. ఆమె ఎవరో తెలిశాకే వదిలిపెట్టారు.